సందేహాలు – సమాధానాలు: పాలలో పోసేది సారాయా, మద్యమా?

సందేహం: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. ఏటా క్రిస్మస్‌కు ఇంట్లోనే ఎగ్‌నాగ్ చేసుకుంటాం. ఇక్కడి తెలుగువాళ్ల పత్రిక కోసం దాని తయారీ రాస్తూ, ‘పచ్చసొన, చక్కెర గిలక్కొట్టి, పాలు, మీగడ చేర్చాక సారాను సన్నటి ధారగా పోయాలి, రమ్మో, బ్రాందీయో, బోర్బనో మీ ఇష్టం’ అన్నాను. మా అత్తగారు చదివి ‘పండగపూట సారా ఏమిటమ్మా, మద్యం అని రాయకూడదూ?’ అని నొచ్చుకున్నారు. పత్రికవారు ‘స్పిరిట్’ అని దిద్దారు. మా బావగారు మాత్రం రమ్మును ‘సీధువు’, బ్రాందీని ‘ద్రాక్షాసవం’ అనాలంటున్నారు. ఏది సరి?

– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, నలుగురిలో మాట తెలిసి రాసింది మీరే. అయినా మీ అత్తగారు నొచ్చుకోవడంలో న్యాయం ఉంది. ఆ సంగతి చివర చెబుతాను.

తెలుగువాడు మత్తు పానీయాలను రెండు కులాలుగా విడదీసుకున్నాడు. ఒకటి కల్లు, రెండోది సారా. కల్లు గీస్తారు, సారా కాస్తారు. ఈ రెండు క్రియల్లోనే శాస్త్రమంతా ఉంది. తాటి గెలకో ఈత మొవ్వకో గాటు పెడితే ఊరిన రసం కుండలో దానంతట అదే పులిసి కల్లవుతుంది. సారాకు పులియడం చాలదు. పులిసిన ఊటను బట్టీ మీద కాచి, లేచిన ఆవిరిని చల్లార్చి, బొట్టు బొట్టుగా దించుకోవాలి. ఊట ఇప్పపువ్వుదైతే ఇప్పసారా, నల్లబెల్లానిదైతే గుడుంబా. ‘కల్లు కాశారు’, ‘సారా గీశారు’ అని పల్లెలో చిన్నపిల్లవాడు కూడా అనడు. ఇంత తేటగా విడదీసి పెట్టిన భాషలో పుట్టి, బీరు నుంచి విస్కీ దాకా అన్నిటినీ ‘మద్యం’ అనే ఒక్క గోనెసంచిలో వేసి కట్టడం నేటి పత్రికలకు అలవాటైంది. అదైనా నయం. జబ్బు నయం చేసే ‘మందు’ను తెచ్చి సీసాకు తగిలించాం. ‘మందు మానేశాడు’ అంటే సంతోషించాలో కంగారుపడాలో తెలియని స్థితి తెచ్చుకున్నాం. ఇది భాషకు మంచిది కాదు.

మీ వంటకంలో ఈ తేడా మాటవరసకు చెప్పుకునేది కాదు, రుచికి సంబంధించినది. ఎగ్‌నాగ్‌కు ముత్తాత ఇంగ్లండులోని పాసెట్ అనే పానీయం. వేడిపాలలో ఏల్ అనే బీరో, ద్రాక్షరసం పులియబెట్టిన వైనో పోసేవారు. రెండూ మన లెక్కలో కల్లు జాతివే. ఆ పులుపుకు పాలు విరిగేవి. విరిగిన ఆ తరకే పాసెట్‌కు అందం. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ అలవాటు అమెరికా వలసలకు చేరాక, కరిబియన్ దీవుల నుంచి చవగ్గా దిగే రమ్ము పాలలోకి వచ్చింది. స్వాతంత్ర్యయుద్ధం తర్వాత రమ్ము రాక తగ్గేసరికి ఇంటిదగ్గర కాచిన విస్కీ ఆ చోటు తీసుకుంది. 1826 క్రిస్మస్‌కు వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో కుర్రాళ్లు ఎగ్‌నాగ్ కోసం దొంగచాటుగా తెచ్చి, పెద్ద అల్లరికి తెర తీసింది కూడా విస్కీతోనే. అంటే పాసెట్ ఎగ్‌నాగ్‌గా మారడమంటే, పాలలో కల్లు జాతి పోయి సారా జాతి రావడమన్నమాట. పులుపు పోయింది, విరగడం తప్పింది, మీగడ చిక్కదనం నిలిచింది. ‘మద్యం పోయాలి’ అని రాస్తే ఎవరైనా వైను పోయవచ్చు, పాలు విరగవచ్చు. ‘సారా’ అంటే ఆ భయం లేదు. మీరు రాసిన ‘సన్నటి ధార’ కూడా అవసరమే. గాఢమైన సారా ఒక్కసారిగా మీద పడితే పచ్చసొన ఉడికినట్టు ఉండకడుతుంది.

ఇక సారా మాట పుట్టుక. చాలాకాలంగా నా మనసు పట్టుకున్న మాట ఇది. పారసీ ‘షరాబ్’ మనవాళ్ల నోట అరిగి సారా అయిందని ఒక వాదం. నాకు నచ్చదు. తమిళంలో సారాయం, మలయాళంలో చారాయం, కన్నడంలో సారాయి, మనకు సారాయి, సారా. షరాబే మూలమైతే చివరి ‘బ’కారం నాలుగు భాషల్లోనూ కూడబలుక్కున్నట్టు ఎగిరిపోయి, దాని చోట ‘య’కారం ఎందుకు రావాలి? తెలుగులో ‘షరాబు’ వేరే ఉంది. నాణేలు పరీక్షించేవాడు, నగల వర్తకుడు ఆ షరాబు. అది అరబ్బీ ‘సర్రాఫ్’ నుంచి వచ్చింది, సీసాతో దానికి చుట్టరికం లేదు. నా మొగ్గు ‘సారం’ వైపే. ఊటను కాచి పైకి తీసిన సారం సారాయం. పిప్పి వదిలి పస పట్టుకోవడమనే పనికి ఇంతకంటే తగిన పేరు ఏముంటుంది? షరాబ్ వాదం వారితో పంతం పట్టను గాని, ‘బ’కారం లెక్క తేల్చేదాకా వారి మాట ఒప్పుకోను.

అరబ్బులు ఇదే పనిని మరో కంటితో చూశారు. ‘అరక్’ అంటే వారికి చెమట. చల్లని మూత లోపల ఆవిరి బొట్లు పట్టడం చూసి పెట్టిన పేరది. ఆ అరక్కే ఇంగ్లిషువాడి నోట ‘అర్రాక్’ అయింది. మన ఇళ్లలో అదే ‘అర్కు’ అయి, కడుపునొప్పికి వాము అర్కుగా మందుల అలమరలో గౌరవంగా కూర్చుంది. ఒకే మాట ఒకచోట మందు సీసాలో, ఒకచోట సారాకొట్టులో. మర్యాద మాటకు పుట్టుకతో రాదు, ఎవరి చేతిలో ఉందన్న దాన్నిబట్టి వస్తుంది.

మీ పానీయానికి మన తీరంతో ఒక చుట్టరికం కూడా ఉంది. ఎగ్‌నాగ్‌కు పెద్ద తోబుట్టువు పంచ్. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, సుగంధద్రవ్యం అనే ఐదింటి కూడిక కాబట్టి మన ‘పంచ’ శబ్దం నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది అంటారు, కాదనేవారూ ఉన్నారు. ఇంగ్లిషులో ఆ మాట ఇంతవరకు మొట్టమొదట దొరికింది 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి రాసిన ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం ఏ ఊరి వర్తకుడికనుకున్నారు? పేటపోలికి! అంటే పెద్దపల్లి, నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. 1611లో గ్లోబ్ ఓడ మీద వచ్చి ఇంగ్లిషువారు కొఠీ పెట్టిన రేవు అది. అదే శతాబ్దంలో బెర్నియే అనే ఫ్రెంచి యాత్రికుడు బెంగాల్లో దొరలు తాగే పంచ్‌ను వర్ణిస్తూ అరక్, నిమ్మరసం, నీళ్లు, పైన కాస్త జాజికాయ అన్నాడు. మీరు ఎగ్‌నాగ్ మీద గీకే జాజికాయే అది. మన రేవుల్లో తిరిగిన ఈ సరుకుకు ‘సారా’ అన్న మన మాట ఉండగా ‘స్పిరిట్’ కోసం వెతుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. పైగా తెలుగులో స్పిరిట్ అంటే సూది పొడిచే ముందు దూదికి అద్దేది, దీపానికి పోసేది. అది తాగేది కాదు, తాగితే ప్రాణం పోయేది. వంటల పేజీలో ఆ మాట రానివ్వకండి.

బావగారి సంస్కృతాభిమానానికి నమస్కారం. అమరకోశంలో మైరేయం, ఆసవం, సీధువు ఒక్కచోటే ఉన్నాయి. అయితే సీధువు చెరకురసం పులిస్తే వచ్చేది, ఆసవం దానంతట అది పులిసేది. రెండూ కల్లు కులానివే. రమ్ము చెరకుదే అయినా కాచినది. బ్రాందీ అయితే డచ్చివారి ‘బ్రాందెవైన్’; కాల్చిన వైను అని పేరులోనే చెప్పుకుంటోంది. దాన్ని ఆసవమంటే పని తప్పుతుంది. చెప్పాలంటే రమ్ము మొలాసిస్ సారా, బ్రాందీ ద్రాక్షసారా, బోర్బన్ మొక్కజొన్న సారా. బోర్బన్ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్నే ఉండాలి, లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాలో నిలవుండాలి. పాలకు, జాజికాయకు తోడుగా నిలిచే వనిల్లా వాసన ఆ పీపా ఇచ్చిందే. పాత రమ్మూ, పాత బ్రాందీ బాగుండడానికి కారణం కూడా పీపాయే. తెల్ల రమ్ముకు అది తక్కువ.

ఇప్పుడు అత్తగారి మాట. 1980లలో ప్రభుత్వమే సారాను పొట్లాల్లో ఊరూరా చేర్చి, ఆ పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టింది. వారుణి పాలసముద్రంలో పుట్టిన దేవత. ఇంత మంచి పేరు కూడా ఆడవాళ్ల కన్నీళ్లను ఆపలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేచి కొట్టు మూయించారు. 1992 నాటికి అది సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఏళ్లు చూసిన మనిషికి సారా అన్న మాటలో సారం వినిపించదు, కూలిడబ్బులు పోయిన ఇల్లు వినిపిస్తుంది. నిఘంటువు చూపించి ఆమె నోరు మూయించడం తగదు. ‘తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు’ అన్నట్టు, మీరు పోసేది ఖరీదైన సీసాలోదైనా ఆ మాట వింటే ఆమెకు ఆ రోజులే గుర్తొస్తాయి.

కాబట్టి నా తీర్పు కొంచెం ఇటూ అటూగానే ఉంటుంది. జాతి పేరు చెప్పాల్సివస్తే ‘సారా’ సరైన మాట. నేనైతే అదే రాస్తాను. మీ పత్రిక పెద్దలు కూడా చదివేదైతే జాతి పేరు వదిలి ‘రమ్ము గాని, బ్రాందీ గాని, బోర్బన్ గాని సన్నటి ధారగా పోయాలి’ అంటే ఎవరికీ నొప్పి లేదు, అర్థానికీ లోటు లేదు. పరదేశపు సరుకును దాని పేరుతోనే పిలవడం మనకు కొత్త కాదు. శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి ఓడల సరుకు చెబుతూ హురుముంజి గుర్రాలను, చీనా పట్టును ఆ దేశాల పేర్లతోనే దించాడు. ‘ఎగ్‌నాగ్’ కూడా అలాగే ఉండనివ్వండి, ‘గుడ్డుపాలు’ అనకండి. నాగ్ అంటే ఒకప్పుడు ఇంగ్లండు తూర్పు సీమలో ఘాటైన బీరు.

పత్రికవారు ‘బ్రాందీ’ని ‘బ్రాండీ’గా దిద్దితే మాత్రం ఒప్పుకోకండి. తెలుగు చెవి ఎన్నడో ‘ద’కారంగా వినేసిన మాట అది.