వంశీకి, పబ్లిష్ నొక్కే ముందు

చి. వంశీకి ఆశీస్సులు.

హార్డ్‌డిస్కులో మూలుగుతున్న పిల్లల ఫొటోలన్నీ ఫొటోలు సర్దుకునే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్ నుంచే, ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైటులో పెడతానన్నావని అక్క చెప్పింది. ముచ్చటేసింది. నీ తొందర ఎరిగినవాణ్ణి కదా, గుబులూ పుట్టింది.

సైటుని లైట్‌రూమ్‌తో కలిపే చిన్న జోడింపు ప్రోగ్రామే ప్లగిన్. ఫ్లికర్‌ది లైట్‌రూమ్‌తోపాటే వస్తుంది. వేరే సైటుకైతే ఫైల్ మెనూలో ప్లగిన్ మేనేజర్ తెరిచి, యాడ్ నొక్కి, దించుకున్న ప్లగిన్ ఫోల్డర్ చూపించు. అది డౌన్‌లోడ్స్‌లో ఉండకూడదు. ఏదో ఒకరోజు చెత్తతోపాటు దాన్నీ ఊడ్చేస్తావు, కనెక్షన్ పనిచేయడం మానేస్తుంది. సైటు అనుమతి బ్రౌజర్‌లోనే ఇవ్వు.

ఎక్కించే సెట్టింగుల్లో ఫైలు రకం జేపెగ్, రంగులకి ఎస్‌ఆర్‌జీబీ, పొడుగు వైపు 2048 పిక్సెళ్లు, క్వాలిటీ 80 చాలు. మెటాడేటా (ఫొటోలో దాగి ఉండే వివరాలు) దగ్గర 'రిమూవ్ లొకేషన్ ఇన్ఫో'కి టిక్కు పెట్టు. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూర్చుని ఉండొచ్చు. పిల్లలుండే చోటు ఎవడికో తెలియడం నాకు ఇష్టం లేదు, చాదస్తమనుకున్నా సరే.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్స్‌పోర్ట్ అంటే ఒకసారి పంపి చేతులు దులుపుకోవడం. నువ్వు ప్లగిన్‌తో వాడబోయే పబ్లిష్ సర్వీస్ అలా కాదు, సైటుతో లంకె తెంచుకోదు. సైటుకి పంపే ఫొటోల గుంపుని కలెక్షన్ అంటారు. అది నిండిపోయిందని అందులోంచి పాత ఫొటోలు తీసేస్తారు చాలామంది. నీ డిస్కులో ఫైలు భద్రంగానే ఉంటుంది. కానీ ఆ ఫొటో 'డిలీటెడ్ ఫొటోస్ టు రిమూవ్' వరసలోకి చేరుతుంది. ఈసారి పబ్లిష్ నొక్కగానే సైటులో మాయం, దాని కింద పెద్దవాళ్లు రాసిన కామెంట్లతో సహా! మళ్లీ ఎక్కిస్తే బొమ్మ వస్తుందేగానీ ఆ మాటలు రావు. అందుకే ప్రతిసారీ నొక్కేముందు కలెక్షన్ తెరిచి ఆ శీర్షిక ఉందేమో చూడరా బాబూ. ఉంటే ఆగు.

దీనికే ఇంకో మెలిక. ఫొటోకి తగిలించిన ఒక్క కీవర్డ్ (గుర్తు మాట) మార్చినా ఫొటో 'మోడిఫైడ్ ఫొటోస్ టు రీపబ్లిష్'లోకి దిగుతుంది. మళ్లీ ఎక్కించడం అక్కర్లేకపోతే రైట్‌క్లిక్ చేసి 'మార్క్ యాజ్ అప్ టు డేట్' అను.

లైట్‌రూమ్ తన లెక్కలు రాసుకునే ఫైలు, అదే కేటలాగ్, దానికి బ్యాకప్ తీస్తూ ఉండు. ఏవి ఎక్కాయో ఆ లెక్కంతా అందులోనే ఉంటుంది. కొత్త కేటలాగ్ మొదలుపెడితే ప్లగిన్‌కి పాతవేవీ గుర్తుండవు, అన్నీ రెండోసారి ఎక్కుతాయి.

ముందు ఐదారు ఫొటోలు ప్రైవేట్‌గా పెట్టి, ఒకటి తీసేసి, ఏం జరుగుతుందో కళ్లారా చూడు. అనుమానమొస్తే ఏ వేళైనా ఫోన్ చెయ్యి, కానీ పబ్లిష్ నొక్కకముందే.

ఇట్లు,
మీ మామయ్య