పెద్ద కాలిబర్ కావాలి, ధర తగ్గాలి

ప్రశ్న: కురుపాం మార్కెట్‌లో నా నగల దుకాణం ఉంది. రాత్రిపూట నగదుతో ఇంటికి వెళ్ళాలి. చవకలో పెద్ద కాలిబర్ (గొట్టం లోపలి కొలత) ఉన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఏది మంచిది? 9 ఎం.ఎం. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పోలీసు ఆయుధాగారంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక సూటిగా చెబుతున్నాను. 9 ఎం.ఎం. ఆశ వదులుకోండి. సైన్యం, పోలీసులు వాడే ఆ తూటా పట్టే పిస్టల్ మన చట్టంలో నిషిద్ధ ఆయుధం. మామూలు లైసెన్సుపై రాదు. మీకు వీలైనది .32 కాలిబర్, దాన్నే 7.65 ఎం.ఎం. అని కూడా అంటారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే ‘అశని’ ఆ రకమే. పాత విదేశీ పిస్టళ్ళ పేరు చూసి మోజుపడకండి, వాటి మ్యాగజైన్లు (తూటాలు నింపే పెట్టెలు), స్ప్రింగులు దొరకడం కష్టం.

ముందు లైసెన్సు, తర్వాతే ఆయుధం. నగరంలో దరఖాస్తు పోలీసు కమిషనర్‌కు పెట్టాలి. లైసెన్సు లేకుండా చవకగా ఇస్తామనేవారి గడప తొక్కవద్దు, జైలుకు వెళతారు.

కాలిబర్ కన్నా సాధన ముఖ్యం. చేయి వణికితే పెద్ద తూటా కూడా గోడకే తగులుతుంది, లేదా దారిన పోయేవారికి. నాకు ఆ రెండోదే భయం. అందుకే సాధనకయ్యే తూటాల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అసలు నగదును పగలే బ్యాంకులో జమచేసే వీలుంటే అదే చేయండి.

మన సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పిస్టల్‌ను తోలు సంచిలో దాచవద్దు, తోలు చెమ్మ పీలుస్తుంది. తూటాలు తీసి, పలుచగా నూనె రాసి, పిల్లలకు అందకుండా తాళం వేయండి.