మామూలు ఉద్యోగస్థులు కొండల్లో ట్రైల్ రేసులు పరిగెత్తగలరా? ఎంత వేగం ఉండాలి?

ఉద్యోగం చేసుకుంటూ రోడ్డు మీద మారథాన్లు పరిగెత్తే మనిషి కఠినమైన కొండ రేసులో పాల్గొనగలడా, అందుకు కిలోమీటరుకి ఎంత వేగం ఉండాలి అని అడిగారు. నిక్షేపంగా పాల్గొనవచ్చు. వేగం గురించి మాత్రం బెంగ వద్దు. కొండల్లో మనలాంటివాళ్లని ఆపేసేది వేగం లేకపోవడం కాదు. దిగుడులో తొడలు చచ్చుబడటం, ఆ తర్వాత చలి. రేసులు పరిగెత్తేవాళ్లు చాలామంది ఈ రెండింటినీ వేరువేరు సమస్యలు అనుకుంటారు. నేను చూసినంతలో రెండూ ఒకటే.

ట్రైల్ రేసు, అంటే కొండ బాటల్లో జరిగే పరుగు పందెం, కష్టాన్ని కొలవడానికి అంతర్జాతీయంగా ఒక లెక్క వాడతారు. ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకీ దూరంలో ఒక కిలోమీటరు కలుపుతారు. 50 కిలోమీటర్ల రేసులో 3,000 మీటర్ల ఎక్కుడు ఉంటే దాన్ని 80 కిలోమీటర్లతో సమానంగా చూస్తారు. మంచి లెక్కే, కానీ అందులో దిగుడు ఊసే లేదు. బయలుదేరిన చోటికే తిరిగి రావాలంటే ఎక్కిన 3,000 మీటర్లూ దిగాలి కదా! ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు అలా కాదు. అడుగు వేసిన ప్రతిసారీ తొడ ముందు భాగంలోని కండరం సాగుతూనే ఒళ్లు బరువుని ఆపాలి. కండరం లోపల బాగా దెబ్బతినేది అలా సాగుతూ పనిచేసినప్పుడే. నిలబడి ఊపిరి పీల్చుకున్నంత మాత్రాన అది ఆ రోజుకి బాగుపడదు.

ఒక రేసులో చీకటి పడే వేళకి నేను చెట్టూ చేమా లేని గట్టు మీద ఉన్నాను. మధ్యాహ్నమంతా ఎండ మాడ్చేసింది. సాయంత్రం మబ్బు కమ్మి సన్నటి వాన మొదలైంది, దానికి తోడు పక్క నుంచి కొట్టే గాలి. దారి పక్కన ఒకతను బండ మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున మొదటి ఎక్కుడులో నన్ను అవలీలగా దాటి వెళ్లిపోయిన మనిషే, ఆ ఎర్ర టోపీని బట్టి గుర్తుపట్టాను. "ఏమన్నా, బాగానే ఉన్నావా?" అని అడిగాను. "కాళ్లు పట్టేశాయి. రెండు నిమిషాలు కూర్చుని వస్తా" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. ఒంటి మీద తడిసిన టీషర్టు తప్ప ఏమీ లేదు. జాకెట్ ఏదని అడిగితే బ్యాగు వైపు చూపించాడు. దాని జిప్పు తీయబోయాడు కానీ వేళ్లకి పట్టు దొరకలేదు, మళ్లీ ప్రయత్నించి వదిలేశాడు. ఒళ్లంతా వణుకుతోంది, చలిగా మాత్రం లేదంటాడు.

ఇది ఎలా జరిగిందో చూడండి. ఎక్కుడులో సత్తా చూపించాడు. దిగుడులో తొడలు పోయాయి. పరుగు కాస్తా నడక అయింది, నడక కాస్తా కుంటుడు అయింది. పరిగెత్తినంతసేపూ ఒంట్లో పుట్టిన వేడి అక్కడితో ఆగిపోయింది. ఇక మిగిలింది తడి బట్ట, గాలి. మామూలుగానే ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకి ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తడిసిన ఒంటికి గాలి తగిలితే అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది. మాట ముద్దపడటం, వేళ్లు పట్టు తప్పడం, అడుగు తడబడటం, ఈ మూడూ కనిపిస్తే మనిషి ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోతోందని అర్థం. అలాంటి మనిషి "నేను బాగానే ఉన్నా" అంటే నమ్మకండి. ఆ స్థితిలో ముందు చెడేది ఆలోచనే.

అతన్ని బండ చాటుకి జరిపి, తడి టీషర్టు తీసేయించి, నా దగ్గరున్న పొడి చొక్కా తొడిగాను. ఒంటి చుట్టూ వెండి రేకులాంటి ఎమర్జెన్సీ దుప్పటి కప్పి, దాని మీద జాకెట్ వేసి హుడ్ బిగించాను. తర్వాత విజిల్ తీసి నిమిషానికి ఆరు చొప్పున ఊదుతూ కూర్చున్నాను. కొండల్లో ఆపదకి గుర్తు అదే. కాసేపటికి ఒకావిడ వచ్చింది. "అక్కా, మీరు కిందికి వెళ్లి చెక్‌పాయింట్‌లో ఇతని బిబ్ (ఛాతీ మీది కాగితం) నంబరు చెప్పండి" అన్నాను. మారుమాట లేకుండా పరిగెత్తింది. నేనూ, వెనక వచ్చిన ఇంకొకతనూ చెరో రెక్క పట్టుకుని, జారే రాళ్ల మీద అతన్ని అడుగులో అడుగు వేయిస్తూ దించాం. సగం దారిలో వాలంటీర్లు వేడి నీళ్లతో ఎదురొచ్చారు. టెంటులో హీటర్ పక్కన కూర్చోబెట్టాక చాలాసేపటికి వణుకు ఆగింది. ఇంటికి ఫోన్ చేయాలని అడిగాడు. అప్పుడు తగ్గింది నా టెన్షన్.

మేం చెక్‌పాయింట్ చేరేసరికి కటాఫ్, అంటే అక్కడికి చేరాల్సిన గడువు, దాటిపోయింది. టేబుల్ దగ్గరున్నాయన నా బిబ్ మూల కత్తిరించి, రేసు నుంచి తీసేశామన్నాడు. జరిగింది చెబితే "రూల్ రూలే" అన్నాడు. దారిలో ఆపదలో ఉన్నవాళ్లకి సాయం చేయడం తప్పనిసరి అని ఆ రేసు రూల్స్‌లోనే రాసి ఉంది! సాయం చేసి తీరాలని రాసినవాళ్లు, అందుకు పోయిన సమయాన్ని తిరిగి ఇస్తామని కూడా రాయాలి. కొన్ని రేసుల్లో ఇస్తారు కూడా. ఇవ్వని రేసుకి పేరు నమోదు చేయవద్దని నా స్నేహితులందరికీ చెబుతుంటాను, మీకూ అదే చెబుతున్నాను.

రేసులో ప్రతి ఒక్కరూ మోయాల్సిన తప్పనిసరి సామాను జాబితా చూసి "ఇంత బరువెందుకు" అని విసుక్కునేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. 2021 మే 22న చైనాలోని గన్సు ప్రావిన్స్‌లో 100 కిలోమీటర్ల కొండ రేసు జరిగింది. 172 మంది బయలుదేరారు. మధ్యాహ్నం వడగళ్లు, గడ్డకట్టించే వాన, పెనుగాలి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. 21 మంది చనిపోయారు. వాళ్లలో లియాంగ్ జింగ్ ఒకరు. ఆ దేశంలో గొప్ప పేరున్న అల్ట్రా రన్నర్, అంటే మారథాన్ కంటే ఎక్కువ దూరాలు పరిగెత్తే మనిషి. ఆ రేసులో గాలిని ఆపే జాకెట్ తప్పనిసరి కాదు. ఝు కెమింగ్ అనే గొర్రెల కాపరి గుహలో నిప్పు రాజేసి, దుప్పట్లు కప్పి ఆరుగురిని బతికించాడు. అంత సత్తా ఉన్నవాళ్లకే ఆ గతి పడితే మనమెంత?

పైగా మనం కొండ మీద ఎక్కువసేపు ఉంటాం. ఆల్ప్స్ పర్వతాల్లో జరిగే యూటీఎంబీ అనే పేరున్న ట్రైల్ రేసునే తీసుకోండి. సుమారు 170 కిలోమీటర్లు, దాదాపు 10,000 మీటర్ల ఎక్కుడు, శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. 2022, 2023లలో మగవాళ్లలో గెలిచినవాళ్లు 20 గంటల లోపే ముగించారు, అంటే ఒక్క రాత్రి. గడువు 46 గంటల 30 నిమిషాలు. చివర వచ్చేవాళ్లు రెండు రాత్రులు బయట గడపాలి. అలసట, ఆకలి, నిద్రలేమి, అన్నీ మోసేది నెమ్మదిగా వెళ్లేవాళ్లే. వేగంగా వెళ్లేవాళ్ల బ్యాగు చూసి మన బ్యాగు సర్దుకోవడం శుద్ధ తప్పు.

ఇంకో సంగతి. తొడల నొప్పికి రేసు మధ్యలో ఐబుప్రోఫెన్ మింగడం చాలాచోట్ల చూస్తున్నాను. దయచేసి వద్దు. 80 కిలోమీటర్లు పరిగెత్తిన 89 మందిని పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. ఒంట్లో నీళ్లు తగ్గి కిడ్నీ అసలే ఇబ్బంది పడుతున్న వేళ ఆ మాత్ర దానికి రక్తం అందే దారిని ఇంకా ఇరుకు చేస్తుంది.

మరి తొడలకి మందేమిటి అంటారా? దిగుడే. ఒకసారి గట్టిగా దిగి నొప్పిపడిన కండరం తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదు. అందుకే రేసుకి ముందు రెండు మూడు నెలలు, వారానికొక రోజు దిగడం కోసమే కొండకి వెళ్లండి. కొండ అందుబాటులో లేకపోతే ఎత్తైన భవనం మెట్లు దిగండి. అడుగులు చిన్నగా, త్వరత్వరగా వేయండి. బారెడు అడుగు వేస్తే ప్రతి అడుగూ బ్రేకే. ఒకట్రెండు సార్లు చీకట్లో, రేసు రోజు మోసే పూర్తి బ్యాగుతో దిగండి. చల్లని నీళ్లలో చేతులు ముంచి, ఆ వేళ్లతో జాకెట్ తీసి తొడుక్కోవడం కూడా సాధన చేయండి. ఇది ఎవరూ చేయరు, అందరూ చేయాల్సిన పని.

చివరికి మీరడిగిన వేగం. కిలోమీటరు లెక్క వదిలేసి, బ్యాగుతో గంటకి ఎన్ని మీటర్లు ఎక్కగలరో, ఎన్ని మీటర్లు దిగగలరో కొలుచుకోండి. ఆ రెండు అంకెలతో రేసు మ్యాప్ ముందు పెట్టుకుని, ఏ చెక్‌పాయింట్‌కి ఎన్ని గంటలకి చేరతారో రాసుకోండి. రేసు మొత్తానికి ఇచ్చిన గడువు చూసి ధీమా పడకండి. చాలా రేసుల్లో మొదటి రెండు మూడు చెక్‌పాయింట్ల కటాఫ్ బిగువుగా ఉంటుంది, తర్వాత వదులవుతుంది. మొదటి సగంలో మీ లెక్క ప్రకారం కనీసం అరగంట మిగలకపోతే, ఆ ఏడాదికి ఆ రేసుని వదిలేసి, అదే కొండ మీద జరిగే చిన్న దూరం రేసుకి పేరు ఇవ్వండి.