ఒప్పందం విషయంలో గొడవపడి విదేశంలో టీచరు ఉద్యోగం వదిలేసి వచ్చినవారు ఉన్నారా? ఏం ఇబ్బంది పడ్డారు?

ఉన్నాను. ఒమన్‌లో, మస్కట్‌కు చాలా దూరంగా ఉన్న ఒక చిన్న ఊళ్లో, మన దేశపు సిలబస్ చెప్పే ప్రైవేటు బడిలో 2015 నుంచి 2018 వరకు లెక్కలు చెప్పి, మూడేళ్లు నిండగానే మా కోనసీమకు తిరిగి వచ్చేశాను.

గొడవ వేసవి సెలవుల జీతంతో మొదలైంది. నెలకు 300 రియాళ్లు, సెలవుల్లోనూ పూర్తి జీతం అని నా నియామక పత్రంలో ఇంగ్లీషులో ఉంది. మూడో ఏడు సగమే ఇస్తామన్నారు. నేను ఆ కాగితం చూపిస్తే, అది ఒప్పందం కాదని, నేను సంతకం పెట్టిన అసలు ఒప్పందం అరబ్బీలో ఉందని చెప్పారు.

కార్మిక శాఖకు ఫిర్యాదు రాయించడానికి సనద్ ఆఫీసుకు వెళ్లాను. ప్రభుత్వ అర్జీలు నింపి పెట్టే దుకాణాలను అక్కడ అలా పిలుస్తారు. అక్కడి అమ్మాయి నా ఒప్పందం నకలు బల్లమీద పరిచి, ఒక అంకె కింద వేలు పెట్టి ఆపింది. నిలువు గీతలా ఒకటి, ఏడులా కనిపించే ఆరు, దాని పక్కన ఒక చుక్క. అరబ్బీ అంకెల్లో సున్నాను చుక్కగా రాస్తారు. అంటే నా మూలవేతనం 160 రియాళ్లు, మిగిలినదంతా అలవెన్సులు. చేరిన రోజున ఆ అంకెను నేనూ చూశాను. అయితే 17 అనుకుని, అదేదో క్లాజు సంఖ్య కాబోలని సంతకం పెట్టాను. లెక్కల మాస్టారుననే సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు.

తేడా చిన్నదేమీ కాదు. అప్పటి చట్టం ప్రకారం మొదటి మూడేళ్లకు ఏడాదికి పదిహేను రోజుల మూలవేతనం, ఉద్యోగం వదిలేటప్పుడు గ్రాట్యుటీగా వస్తుంది. నేను 450 రియాళ్లు అనుకున్నది 240 అయింది. అక్కడే మరో బడికి మారదామంటే, పాత యజమాని అభ్యంతరం లేదని రాసివ్వకపోతే రెండేళ్లపాటు కొత్త వీసా ఇవ్వని రోజులవి. ఆ నిబంధనను 2021 జనవరి 1 నుంచి ఎత్తేశారు. నాకు అక్కరకు రాలేదు.

అన్నిటికన్నా నన్ను బాధించింది పాస్‌పోర్టు. అది బడి బీరువాలో ఉంది. 1967 నాటి చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, యజమాని దగ్గర ఉంచుకోవలసినది కాదు. మరి నేనెందుకు ఇచ్చానంటే, అడిగితే ఇవ్వడం ఇక్కడే నేర్చుకున్నాను కాబట్టి. ఒమన్‌కు వెళ్లకముందు మా జిల్లాలోనే ఒక ఇంటర్ కళాశాలలో పనిచేసినన్నాళ్లూ నా ఎమ్మెస్సీ, బీఈడీ ఒరిజినల్స్ ప్రిన్సిపాల్ గారి బీరువాలోనే ఉండేవి. గల్ఫ్ ఏజెంట్లను తిట్టే మనం ఈ కళాశాలలను ఎందుకు తిట్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొక చోద్యం చెబుతాను. మా ఊరినుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవారి ఒప్పందాన్ని, నిబంధన ప్రకారమైతే, విదేశాలకు పనికి వెళ్లేవారి బాగోగులు చూసే కేంద్ర ప్రభుత్వపు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం చూసి, వెళ్లడానికి అనుమతి ఇవ్వాలి. పదో తరగతి దాటిన మావంటివారికి ఆ అనుమతే అక్కరలేదు గనుక, మా కాగితాలను చూసేవారే ఉండరు. చదువుకున్నవాడు చదివే సంతకం పెడతాడని కాబోలు.

చివరికి కార్మిక శాఖ అధికారి ఫోన్ చేస్తే, బడి మనిషి రబ్బరు బ్యాండు చుట్టిన పాలిథిన్ కవరులో పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు. 240 రియాళ్లు, సగం సెలవు జీతం, తిరుగు టికెట్టు తీసుకుని రాజీపత్రం మీద సంతకం పెట్టాను. ఈసారి ఆ సనద్ అమ్మాయి చేత ప్రతి వాక్యం చదివించుకున్నాకే పెట్టాను. అది విజయమని నేననను. కోర్టుకు వెళితే ఇంకా రావచ్చునేమో గానీ, అన్ని నెలలు జీతం లేకుండా అక్కడ కూర్చోలేకపోయాను. మీకు ఇలాంటి పరిస్థితి వస్తే విదేశాల్లోని మనవారి ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్ ఉంది, 2015 నుంచి నడుస్తోంది. నాకు దాని సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది.

హైదరాబాదులో దిగి రాత్రి బస్సులో రావులపాలెం చేరాను, కోనసీమకు రైలు లేదు కదా. వారం తిరక్కుండానే ఎదురింటి పెద్దాయన మా నాన్నగారిని, "ఏమండీ, అబ్బాయిని పంపేశారంటగదా?" అని పలకరించారు. ఆ నెలలోనే అమలాపురం దగ్గర ఒక కళాశాలలో ఉద్యోగం ఖాయమైంది. చేరేరోజు ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లమన్నారు. చూసుకుని తిరిగి ఇచ్చేయండి, జిరాక్సులు ఉంచుకోండి అన్నాను. కుదరదన్నారు. ఇప్పుడు ఇంటి అరుగు మీద ట్యూషన్లు చెబుతున్నాను.