పాండా పేరు పెట్టబాకు, అల్లుడూ

కావలి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కుంగ్‌ఫూ పాండా సినిమాల మీద తెలుగులో వెబ్‌సైటు నడుపుతానని, ఎట్టా మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చూస్తే డొమైను, అంటే సైటు చిరునామాగా ఉండే పేరు, కొనే తొందరలో ఉన్నట్టున్నావు. కొనబాకు. ముందు రెండు వందల పేజీల రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొను. అభిమానుల సైట్లు ఆగిపోయేది డబ్బు చాలక కాదు, పదో పేజీ దాటాక రాయడానికి సరుకు లేక. ఇరవై పేజీల సరుకు పుస్తకంలో చేరిందాకా డొమైను మాట ఎత్తబాకు.

సరుకంటే ఏందంటావా? నటుల పేర్లు, వసూళ్లు, కథ క్లుప్తంగా... ఇవన్నీ ఇంగ్లీషులో కుప్పలు పోసి ఉన్నాయి. వాటిని తెలుగులోకి దించితే నీ సైటు జిరాక్సు కాపీ, అదీ మసక కాపీ. తెలుగు పిల్లకాయకి ఇంకెక్కడా దొరకనిది నీ దగ్గర దొరకాలి. ఒక ఉదాహరణ చెప్తా. చైనా భాషలో షిఫూ అంటేనే గురువు. సినిమాలో విద్య నేర్పే గురువుని 'మాస్టర్ షిఫూ' అంటారు, అంటే 'గురువు గురువుగారు' అన్నట్టు. మనం 'గేటు తలుపు', 'నడి మధ్య' అనమా, అట్టాంటిదే. ఆయనకీ గురువు ఊగ్వే. ఊగ్వే అంటే తాబేలు, ఆయన తాబేలే. ఈ రెండు పేర్లతోనే ఒక పేజీ నిండుతుంది, చదివినవాడు ఇంకొకడికి చెప్తాడు.

ఇంకా పెద్ద సరుకు రెండో భాగం మొదట్లో ఉంది. నెమలి దొర షెన్ పుట్టుక, అతని దుర్మార్గం, అతన్ని వెళ్లగొట్టడం, ఇదంతా మామూలు కంప్యూటరు బొమ్మలతో కాకుండా చైనా నీడబొమ్మలాట పద్ధతిలో చూపించారు. తోలుబొమ్మలాట ఎరిగిన జిల్లాలు మనవి. ఆ రెండు మూడు నిమిషాలని ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడు. బొమ్మ మొహం పక్కకి తిరిగి ఉందా, కీళ్లు ఎక్కడెక్కడ విరుగుతున్నాయి, రంగు బొమ్మలోదా వెనక వెలుతురుదా, రాసుకో. చైనా బొమ్మలు సాధారణంగా అడుగు పొడవుంటాయి, మన తోలుబొమ్మలు పెద్దవైతే మనిషంత ఉంటాయి. మనవాళ్లు మేకతోలు పల్చగా గీకి రంగులేసి, తెల్లగుడ్డకి ఆనించి వెనకనుంచి దీపం పెడతారు. ఆట చూసిన తాతల్ని కూర్చోబెట్టి ఆ సన్నివేశం చూపించు, వాళ్లన్న మాట వాళ్ల అనుమతితో పేజీలో పెట్టు. అట్టాంటి పేజీ అమెరికావాడు రాయలేడు. ఒక జాగ్రత్త: చైనా నీడబొమ్మలాటను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది 2011లో, రెండో భాగం వచ్చిందీ 2011లోనే. రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదానివల్ల ఒకటి జరిగినట్టు రాయబాకు. అభిమానుల సైట్లకి ఉన్న పెద్ద జబ్బు అదే, పక్కపక్కన కనిపించినవాటికి చుట్టరికం కలపడం.

ఒక్కో సినిమా మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఊరికే చూడు. రెండోసారి ఆపుకుంటూ, రాసుకుంటూ చూడు. గంటన్నర సినిమాకి నాలుగైదు గంటలు పడుతుంది, ఒకే రోజు చెయ్యబాకు. మూడోసారి తెలుగు డబ్బింగు పెట్టుకుని, ఇంగ్లీషు మాట ఒక గడిలో, తెలుగు మాట పక్క గడిలో రాయి. నోటుపుస్తకంలో ఐదు గడులు గియ్యి: సమయం, సన్నివేశం, ఎవరన్నారు, ఏమన్నారు, ఏ ప్రతిలో (డీవీడీయా, టీవీయా) చూశావు. ఈ ఐదో గడిని అందరూ వదిలేస్తారు, తర్వాత దానికోసమే ఏడుస్తారు. ఎందుకో చెప్తా. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. పాల్ అనే టీవీ పద్ధతి డీవీడీలు, పాత టీవీ ప్రసారాలు 25 ఫ్రేములతో పరిగెత్తుతాయి. 92 నిమిషాల మొదటి భాగం అందులో 88 నిమిషాలకే అయిపోతుంది. కోత ఏమీ పడలేదు, నూటికి నాలుగు వంతుల వేగం పెరిగిందంతే. 'గంటా మూడో నిమిషంలో' అని నువ్వు రాస్తే, ఇంకో ప్రతిలో చూసేవాడికి అక్కడ వేరే సన్నివేశం ఉంటుంది, నువ్వు తప్పు రాశావంటాడు. అందుకని సమయం పక్కన నువ్వు చూసిన ప్రతి ఏదో, దాంతోపాటు 'పాండా పో మెట్లెక్కుతుండగా' అన్నట్టు సన్నివేశం గుర్తు కూడా రాయి. టీవీలో వేసినప్పుడు తెరకి పట్టక పక్కలు కత్తిరిస్తుంటారు గాబట్టి, 'ఈ మూలన ఫలానాది ఉంది' అనే పరిశీలన టీవీ ప్రతి చూసి రాయకూడదు.

సైటు సరిహద్దు మొదటిరోజే గీసుకో. సినిమాలు నాలుగు: 2008, 2011, 2016, 2024. వీటి చుట్టూ చిన్న చిత్రాలు, టీవీ ధారావాహికలు ఉన్నాయి. అన్నీ ఒకే బుట్టలో వేస్తే తప్పులు మొదలవుతాయి. సినిమాల్లో పోకి గొంతు జాక్ బ్లాక్‌ది. 2011లో మొదలైన టీవీ ధారావాహికలో మిక్ వింగర్ట్‌ది. 2022 నాటి ధారావాహికకి మళ్లీ జాక్ బ్లాకే వచ్చాడు. 'పో గొంతు: జాక్ బ్లాక్' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అది సగం అబద్ధం. నీలాంటి కొత్తవాడు నాలుగు సినిమాలకే కట్టుబడితే మంచిది, టీవీవి రెండో ఏడు చూసుకోవచ్చు. విడుదల తేదీ పక్కన దేశం పేరు తప్పకుండా ఉండాలి. నాలుగో భాగం అమెరికాలో 2024 మార్చి 8న వచ్చింది, మన దగ్గర మార్చి 15న. తెలుగు డబ్బింగు కళాకారుల పేర్లు సినిమా చివరి అక్షరాల్లో కనపడితేనే వెయ్యి. గొంతు విని 'ఫలానా ఆయన లాగుందే' అని వెయ్యబాకు.

తెలుగు అక్షరాల సంగతి కాస్త ఓపిగ్గా చదువు, తెలుగు సైట్లు ఎక్కువ చెడేది ఇక్కడే. మన ఊళ్ల డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో కొట్టిస్తే అది పెళ్లిపత్రికకి పనికొస్తుంది, వెబ్‌సైటుకి పనికిరాదు. అందులో తెర మీద తెలుగు కనపడుతుంది గానీ లోపల ఉండేది వేరే సంకేతాలు. సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, వెతికితే దొరకదు. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు యూనికోడువి, అందులోనే టైపు చెయ్యి. పాత సరుకు ఉంటే కన్వర్టరుతో మార్చి, వత్తులూ అంకెలూ ఒక్కొక్క వాక్యం చదివి సరిచూసుకో. ఫాంటు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టు, రెండూ ఉచితమే. శీర్షికలకి రామభద్ర నిండుగా ఉంటుంది, అదే మొత్తం పేజీకి పెడితే కళ్లు నొస్తాయి. వరసల మధ్య ఎడం ఇంగ్లీషు థీముల్లో అక్షరం సైజుకి 1.4 రెట్ల దగ్గర ఉంటుంది. అది 1.7 నుంచి 1.8 చెయ్యి, లేకపోతే పైవరస వత్తు కిందివరస గుడికి తగులుతుంది. శీర్షికల్లో 'స్త్ర' లాంటి అక్షరం కింద తెగిపోతుంటే కారణం అదే. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు సున్నాలో ఉంచు. వాలు అక్షరాలు వాడబాకు. మన ఫాంట్లలో చాలావాటికి వాలు రూపం ఉండదు, బ్రౌజరు బలవంతంగా వంచితే తాగినవాడిలాగా ఉంటాయి.

పేర్లకి ఒక పట్టిక తయారుచేసి గోడకి అంటించుకో. 'కుంగ్‌ఫూ' అని రాస్తావా, 'కుంగ్ ఫూ' అనా, 'కుంఫూ' అనా? ఏదైనా ఒకటే ఉండాలి. ఇందులో కంటికి కనపడని మెలిక ఒకటుంది. 'కుంగ్‌ఫూ'లో పొల్లు నిలబడటానికి మధ్యలో కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకపోతే గకారం కింద ఫకారం వత్తయి కూర్చుంటుంది. ఆ గుర్తు ఉన్న మాట, లేని మాట కంప్యూటరుకి రెండు వేరు మాటలు. సైటులో వెతుకులాట పెట్టినప్పుడు రెండు పక్కలా ఆ గుర్తు తీసేసి పోల్చమని చెప్పకపోతే, పేజీ కళ్లెదుట ఉన్నా 'దొరకలేదు' అంటుంది. పేజీల చిరునామాలు మటుకు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టు. తెలుగులో పెట్టొచ్చు, కానీ ఎవరికైనా పంపినప్పుడు ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాల చెత్తగా మారుతుంది. 'పాండా' అనే చిన్న మాటకే నలభై ఐదు. ఆ లింకు చూసి ఎవడో మోసగాడు పంపాడనుకుంటారు.

ఇప్పుడు డొమైను. సినిమా పేరు గానీ, పాత్ర పేరు గానీ అందులో ఉండకూడదు. ట్రేడ్‌మార్కు వాళ్లది, వాళ్లు ఫిర్యాదు చేస్తే డొమైను పోవచ్చు, దాంతో నీ లింకులన్నీ పోతాయి. ఏదైనా సొంత పేరు పెట్టుకుని, కింద 'ఇది అభిమానుల సైటు, నిర్మాణ సంస్థకి సంబంధం లేదు' అని ప్రతి పేజీలో రాయి. మొదటి ఏడాది ధర చూసి కొనబాకు, రెండో ఏటినుంచి ఎంతో అది చూడు. డొమైను ఖాతాకి ఇచ్చే ఈమెయిలు ఆ డొమైను మీదే ఉండకూడదు. గడువు తీరిన రోజున మెయిలు కూడా ఆగిపోతుంది, హెచ్చరిక నీకు చేరదు. డాట్ కామ్ అయితే రిజిస్ట్రారు, అంటే డొమైను అమ్మిన సంస్థ, ఇచ్చే గడువు కూడా దాటాక 30 రోజుల విడిపింపు కాలం ఉంటుంది, అప్పుడు తెచ్చుకోవాలంటే జరిమానా గట్టిగా కట్టాలి.

బొమ్మల విషయం. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను విమర్శకీ సమీక్షకీ సబబైనంత మేర వాడుకోనిస్తుంది. 'ముప్పై సెకన్లయితే పర్లేదు' అని అందరూ చెప్పే లెక్క చట్టంలో ఎక్కడా లేదు. చర్చించే సన్నివేశానికి ఒక్క స్థిరచిత్రం, దాని కిందే నీ పరిశీలన, అట్టా ఉంటే నీ పక్షాన వాదన ఉంటుంది. యాభై చిత్రాలు వరసగా పేర్చి 'గ్యాలరీ' అంటే ఏ వాదనా ఉండదు. సినిమా మొత్తం మాటలు రాసిపెట్టడం, సబ్‌టైటిళ్లు తెనిగించి పెట్టడం, పాటలు ఎక్కించడం, పో బొమ్మ వేసిన టీషర్టులు అమ్మడం, ఈ నాలుగిటి జోలికి పోబాకు. తొలగించమని వాళ్ల దగ్గరనుంచి ఉత్తరం వస్తే ముందు ఆ బొమ్మ దించు, తర్వాత మాట్లాడు.

సైటు కట్టడానికి వర్డ్‌ప్రెస్ అనొద్దు. నీకు కావలసింది ఇరవై ముప్పై పేజీలు. దానికి డేటాబేసు, ప్లగిన్లు, వాటి అప్‌డేట్లు, పరీక్షల నెలలో నువ్వు చూడకపోతే దూరే దొంగలు, ఇవన్నీ దేనికి? డేటాబేసు అక్కరలేని హ్యూగో లాంటి పనిముట్టుతో పేజీలు తయారుచేసి, సైట్లకి చోటిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టు. డబ్బు కట్టేది లేదు. హద్దు ఒక గిగాబైటు, చాలినంత చోటు. బొమ్మలు 1200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి, వెబ్‌పీ రూపంలో, ఒక్కోటి 150 కిలోబైట్లు దాటకుండా చూసుకో. పల్లెలో ఫోన్లో చూసేవాడికి పేజీ తెరుచుకోవాలి గదా. ఫలానా పనిముట్టుతోనే తెరుచుకునే హంగులు పెట్టబాకు. అప్పట్లో సినిమాల సైట్లలో ఆటలన్నీ ఫ్లాష్‌తో చేసేవాళ్లు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి నూకలు చెల్లాయి, ఆ ఆటలూ పోయాయి.

ఉచిత చోటుని నమ్మి ప్రతులు తీసుకోకుండా ఉండబాకు. అట్టా ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్‌లో లక్షల సైట్లు ఉండేవి, 2009 అక్టోబరులో మూసేశారు. ప్రతి ఆదివారం మొత్తం ఒక కాపీ తీసి, తేదీ పేరుగా పెట్టు. మూడు చోట్ల ఉండాలి: నీ కంప్యూటరులో, ఒక పెన్‌డ్రైవులో, మూడోది మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో. నీది ఒంగోలు, నాది కావలి, మూడో కాపీ నా దగ్గర ఉంటుంది. అక్టోబరునుంచి డిసెంబరుదాకా మన తీరం సంగతి తెలుసుగదా. నీళ్లొచ్చినా, పిడుగు పడి కరెంటు ఎగదన్నినా ఒకే ఇంట్లో ఉన్న మూడు కాపీలూ ఒకేసారి పోతాయి. మూడు నెలలకొకసారి ఆ కాపీతో ఖాళీ ఫోల్డరులో సైటుని మళ్లీ నిలబెట్టి చూడు. నిలబడని కాపీ కాపీయే కాదు. నువ్వు ఉదహరించిన ప్రతి బయటి పేజీనీ అదేరోజు పాత వెబ్ పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి, ఆ లింకు కూడా పక్కన రాసుకో.

పిల్లలు బొమ్మలు గీసి పంపుతారు, అది పండగే. కానీ 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అమ్మో నాన్నో వాళ్ల మెయిలునుంచి పంపితేనే తీసుకో. ఇంటిపేరు లేకుండా పేరు, వయసు, అంతే వెయ్యి. బడి పేరు, ఫొటో, ఫోను నంబరు అడగబాకు, వాళ్లే పంపినా వెయ్యబాకు. ఫోన్లో తీసిన బొమ్మ వెనక ఏ చోట తీశారో దాక్కుని ఉంటుంది, ఎక్కించేముందు ఆ వివరం తీసెయ్యి.

తప్పు దొరికితే గుట్టుగా దిద్దబాకు. పేజీ చివర 'సవరణ' అని తేదీ వేసి, ముందు ఏమని ఉండేదో, ఇప్పుడు ఏమని మార్చావో రాయి.

నోటుపుస్తకంలో మొదటి భాగం రెండో విడత చూడటం అయ్యాక, ఆ పేజీలు ఫొటో తీసి పంపు. ఐదో గడి నిండిందో లేదో చూసి, డొమైను డబ్బులు నేను వేస్తా. అక్కయ్యని అడిగినట్టు చెప్పు.

మీ మామ