ఆ తెగిన చేయి దగ్గర కాసేపు ఆగు

అమ్మాయీ,

నువ్వు పంపిన బొమ్మ, దాని కింద రాసిన నాలుగు ముక్కలు చూశాను. జర్మన్ చిత్రకారుడు కిర్ష్‌నర్ 1915లో వేసుకున్న ‘సైనికుడిగా స్వీయచిత్రం’ అది. ఎరుపు కోపానికి, పసుపు జబ్బుకి, నీలం దిగులుకి సంకేతమని రాశావు. రంగుకో ఫలం చెప్పుకుంటూ పోతే అది బొమ్మ చూడడం కాదమ్మా, పంచాంగం చూడడం.

ముందు అర్థాల జోలికి పోకుండా, సరుకుల చీటీ రాసినట్టు కనబడేవన్నీ రాసుకో. కొయ్యలో చెక్కినట్టు కోణాలు తేలిన పసుపుపచ్చ ముఖం. కనుపాపలు లేని కళ్ళు. పెదవికి వేలాడుతున్న సిగరెట్. యూనిఫాం భుజం మీద 75 అంకె. మణికట్టు దగ్గర తెగి, పచ్చిగా ఉన్న కుడి చేయి. వెనకాల నగ్నంగా నిల్చున్న స్త్రీ.

ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఇది నిజమా, కల్పనా అని అడుగు. 75 నిజం, ఆయన పనిచేసిన ఫిరంగిదళం నంబరు. యూనిఫామూ నిజమే. చేయి మాత్రం కల్పన. ఈ సంగతి తెలియక నేనొకసారి క్లాసులో, పాపం మొదటి ప్రపంచయుద్ధంలో చేయి పోగొట్టుకున్న మనిషి అని ధీమాగా చెప్పేశాను! తర్వాత తెలిసింది: హాలె పట్టణంలో శిక్షణలో ఉండగానే మానసికంగా కుంగిపోయాడట, అసలు యుద్ధరంగం ముఖమే చూడలేదట. రెండు చేతులూ ఉన్న మనిషి, ఆ చేత్తోనే తన చేయి తెగినట్టు వేసుకున్నాడు. ఆప్తులు పోతే మనం ‘కుడి భుజం పోయినట్టయింది’ అంటాం చూడు, ఆయన ఆ ‘అయినట్టు’ను తీసేశాడు. చిత్రకారుడు ఉన్నది ఉన్నట్టు వేయడం మానేసిన చోటే ఆగాలి. బాధ అక్కడే ఉంటుంది.

ఒక పని చెయ్యి. అరచేత్తో ఆ మొండి చేతిని మూసి చూడు. అలసిపోయిన సైనికుడు ఒకడు మిగులుతాడు, అంతే. ఇప్పుడు అరచెయ్యి అక్కణ్ణించి తీసి, బొమ్మలోని కళ్ళను మూసి చూడు. రెండుసార్లూ ఏం పోయిందో రాసుకో. ఇది ఫోను తెర మీద కుదరదు. అసలు బొమ్మ 69 సెంటీమీటర్ల ఎత్తు, 61 వెడల్పు; దాదాపు ఆ కొలతకు ప్రింటు తీయించుకో.

ఆ స్త్రీ గురించి నాకే ఇంకా తేలలేదు. బొమ్మ వేయలేని చిత్రకారుడి వెనక మిగిలిపోయిన మోడల్ అనిపిస్తుంది నాకు. నాజీలకు వేరేలా కనిపించింది. 1937లో మ్యూనిక్‌లో ‘పతనమైన కళ’ అంటూ పెట్టిన ప్రదర్శనలో దీని పేరు మార్చి ‘సైనికుడు, వేశ్య’ అని తగిలించారు. అందుకే పేరు చీటీ ఆఖర్న చదవమంటాను.

ఆయన 1938లో ఆత్మహత్య చేసుకున్నాడని ఈపాటికి చదివే ఉంటావు. ఆ చావును తీసుకెళ్ళి ఇరవై మూడేళ్ళ వెనకటి బొమ్మలో వెతకకు.

మళ్ళీ రాసి పంపు. అన్నట్టు, నీ నాలుగు ముక్కల్లో ఆ సిగరెట్ ఊసే లేదు.

పెదనాన్న