థీసిస్ రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రయోగాలు అయిపోయాయి, ఇక థీసిస్ రాయడమే మిగిలిందన్నావు. చాలా సంతోషమమ్మా. అయితే రాయడం మొదలుపెట్టేలోపు ఒక్క సంగతి తేల్చుకో. నీ ప్రయోగంలో రెప్లికేషన్ ఏది? అంటే, ఒకే ట్రీట్‌మెంట్‌ను విడివిడిగా దేనికి, ఎన్నిసార్లు ఇచ్చావు? ఎన్నో వైవాల్లో ఎగ్జామినర్‌గా కూర్చున్నాను. బాగా కష్టపడ్డ పిల్లలు కూడా తడబడేది ఈ ప్రశ్న దగ్గరే.

నువ్వు చేసిందే తీసుకో. నిండు తడి, సగం తడి, బాగా తక్కువ తడి: మూడు ట్రీట్‌మెంట్లు. ఒక్కోదానికి 5 కుండీలు, కుండీకి ఒక మొక్క, మొక్కకు 4 ఆకుల్లో క్లోరోఫిల్ కొలిచావు. ట్రీట్‌మెంట్‌కు 20 కొలతలున్నాయి కదా అని అనోవాలో, అంటే ట్రీట్‌మెంట్ల సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని తేల్చే లెక్కలో, 20 వేస్తే తప్పు. నువ్వు నీళ్లు తగ్గించింది కుండీకి, ఆకుకు కాదు. నాలుగు ఆకులూ ఒకే వేరు మీద బతుకుతాయి కాబట్టి వాటి విలువలు ఎటూ దగ్గరగానే ఉంటాయి. నాలుగింటి సగటు తీసి కుండీకి ఒక్క విలువే వేసుకో. లేకపోతే లేని తేడా కూడా ఉన్నట్టు కనబడుతుంది. ఇలా లెక్కేశాక తేడా సిగ్నిఫికెంట్ (కేవలం యాదృచ్ఛికం అని కొట్టిపారేయలేనంతది) కాకపోయినా ఉన్నదున్నట్టు రాయి. దానికి ఎవరూ మార్కులు తగ్గించరు, తగ్గించకూడదు కూడా.

మొదట మెథడ్స్ రాయి. ల్యాబ్ నోట్‌బుక్ పక్కన పెట్టుకుంటే అది తొందరగా నడుస్తుంది. "ఆర్నన్ పద్ధతిలో క్లోరోఫిల్ కొలిచాం" అంటే చాలదు. ఆకును ఎసిటోన్‌లో నూరి, ఆ ద్రవం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూసే పద్ధతి కదా అది. ఎన్ని మిల్లీగ్రాముల పచ్చి ఆకు, ఎన్ని మిల్లీలీటర్ల 80 శాతం ఎసిటోన్, 645, 663 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యాల దగ్గర రీడింగ్ తీశావా, అన్నీ ఉండాలి. వెలుతురుకు క్లోరోఫిల్ పాడవుతుంది కాబట్టి ట్యూబులు చీకట్లో ఉంచిన మాట కూడా రాయి. ముఖ్యంగా పైనుంచి ఎన్నో ఆకు తీసుకున్నావో చెప్పు. లేత ఆకుకూ ముదురు ఆకుకూ ఎంత తేడా ఉంటుందో నీకు తెలుసు. కుండీలను ర్యాండమ్‌గా పేర్చావా, మధ్యలో చోటు మార్చావా అన్నది కూడా వదలకు. కిటికీ పక్క కుండీకి వెలుతురు ఎక్కువ పడుతుంది.

తర్వాత గ్రాఫులు, రిజల్ట్స్, డిస్కషన్, ఆ పైన ఇంట్రడక్షన్. అబ్‌స్ట్రాక్ట్ చివర్లో. రిజల్ట్స్‌లో ఏం కనబడిందో చెప్పు, ఎందుకన్నది డిస్కషన్‌కు ఉంచు. మొక్కల శాస్త్రీయ నామాలు ఇటాలిక్స్‌లో ఉన్నాయో లేదో ఒక రోజు కేటాయించి మరీ చూసుకో.

ఇక ప్రెజెంటేషన్. థీసిస్‌లోని టేబుల్‌ను అలాగే స్లైడ్ మీదికి ఎక్కించకు, వెనక వరుసకు ఒక్క అంకె కూడా కనబడదు. గ్రాఫ్ రాగానే అడ్డం అక్షం మీద ఏముంది, నిలువు అక్షం మీద ఏముంది, యూనిట్లేమిటి చెప్పి, ఆ తర్వాతే ఫలితంలోకి వెళ్లు. ఎర్రర్ బార్ (సగటు దగ్గర గీసే చిన్న నిలువు గీత) చూపేది స్టాండర్డ్ ఎర్రరా (సగటు ఎంత కచ్చితమో చెప్పేది), స్టాండర్డ్ డీవియేషనా (కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) అన్నది బొమ్మ కిందే రాసి పెట్టు. జవాబు తెలియని ప్రశ్న వస్తే టెన్షన్ పడి ఏదో ఒకటి చెప్పకు. "ఇది నేను పరీక్షించలేదండీ, పరీక్షించాలంటే ఇలా చేస్తాను" అను. ఆ మాటకు ఎగ్జామినర్లు ఇచ్చే విలువ నీకు అప్పుడు తెలుస్తుంది.

మెథడ్స్ పూర్తి కాగానే మీ గైడ్‌కు చూపించి, నాకూ ఒక కాపీ పంపు. కుండీలు ఎలా పేర్చావో గీసిన బొమ్మ కూడా జత చెయ్యి.